భుజం మీది బూడిద

గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నాడట. ఈ సామెత వినని తెలుగువాడు ఉండడు గానీ, ఎందుకు తడుముకున్నాడో ఈ కాలం పిల్లలకు విడమరిచి చెప్పాల్సి వస్తోంది. బూడిదగుమ్మడికాయ ఒంటినిండా తెల్లటి పొడి ఉంటుంది. భుజాన వేసుకుని మోస్తే చొక్కాకి అంటుతుంది. ఊరందరినీ ఒకచోట నిలబెట్టి "ఎవర్రా ఆ దొంగ?" అని గద్దిస్తే, పొడి కనిపిస్తుందేమోనని దొంగ చెయ్యి తనంతట తానే భుజం మీదికి పోతుంది. సాక్షులు అక్కర్లేదు, వేలిముద్రలు అక్కర్లేదు.

కాలేజీలో ముప్పై ఐదేళ్ళు స్టాటిస్టిక్స్ చెప్పి రిటైరైనవాణ్ణి. ఈ సామెతలో ఒక లెక్క తప్పిందని నాకు చాలా ఆలస్యంగా తట్టింది. దొంగ భుజం తడుముకుంటాడు, ఒప్పుకుందాం. తడుముకున్న ప్రతివాడూ దొంగేనా?

నవ్వుకోకండి. ఈ సామెత మీద అమెరికా ప్రభుత్వం తొంభై కోట్ల డాలర్లు ఖర్చు పెట్టింది. 2001 సెప్టెంబరు 11 తర్వాత అక్కడి విమానాశ్రయాల తనిఖీ కోసం కొత్తగా పుట్టిన సంస్థ, 2007 నుంచి క్యూలో నిలబడ్డవాళ్ళ వాలకం కనిపెట్టడానికి ప్రత్యేకంగా మనుషుల్ని పెట్టింది. ఎవరు కంగారు పడుతున్నారు, ఎవరు చూపు తప్పిస్తున్నారు అని చూడటమే వాళ్ళ ఉద్యోగం. ఆ కొలతల జాబితా 2015లో బయటికి పొక్కింది. అతిగా ఆవలించడం, ఊరికే గొంతు సవరించుకోవడం, తనిఖీ దగ్గరికి వస్తూ ఈల వేయడం, అప్పుడే గడ్డం గీసుకున్న పాలిపోయిన బుగ్గలు, అన్నీ అందులో ఉన్నాయి. పద్దెనిమిది గంటలు ప్రయాణం చేసి దిగిన మన నాన్నగార్లలో ఆవలించనివాడు, గొంతు సవరించుకోనివాడు ఎవరైనా ఉంటారా? మన కాగ్ లాంటి ఆడిట్ సంస్థ ఒకటి అమెరికాలోనూ ఉంది. అది 2013 నవంబరులోనే చెప్పేసింది: వాలకం చూసి మోసగాణ్ణి పసిగట్టడంలో మనిషి నేర్పు బొమ్మా బొరుసూ వేయడం కంటే మెరుగు కాదు, అయినా రవ్వంతే. ఇక దీనికి డబ్బు తగ్గించండి అని కూడా చెప్పింది.

నేను ఈ సామెతను మొదటిసారి మనుషుల మీద ప్రయోగించగా చూసింది ఏడో తరగతిలో. మాది బాపట్ల దగ్గర ఊరు. క్లాసులో ఒకడి జామెట్రీ పెట్టె పోయింది. సోషల్ మాస్టారు లోపలికి వచ్చి, ఇంకా ఎవర్నీ ఏమీ అడగలేదు, ఊరికే చివరి బెంచీ వైపు చూశారు. ఆ బెంచీలో స్టూవర్టుపురం నుంచి వచ్చే కుర్రాడు కూర్చునేవాడు. అతను లేచి, ఎవరూ అడక్కుండానే తన సంచి తెచ్చి మాస్టారి బల్ల మీద బోర్లించాడు. రెండు నోటు పుస్తకాలు, అరిగిపోయిన పెన్సిలు, కాగితంలో చుట్టిన నాలుగు నేరేడుపళ్ళు. అక్కడితో ఆగలేదు, లాగు జేబులు కూడా బయటికి తీసి చూపించాడు. మాస్టారు నవ్వి, "చూశారా, గుమ్మడికాయల దొంగ అంటే..." అన్నారు. మేమంతా నవ్వాం. నేనూ నవ్వాను. పెట్టె ఆ సాయంత్రం పోగొట్టుకున్నవాడి ఇంట్లోనే దొరికింది. ఆ సంగతి మర్నాడు క్లాసులో ఎవరూ చెప్పలేదు.

స్టూవర్టుపురం అనగానే మనవాళ్ళకు సినిమా గుర్తొస్తుంది. ఆ పేరుతోనే సినిమాలు వచ్చాయి, అక్కడి గజదొంగ మీద మొన్న 2023లోనూ వచ్చింది. ఆ ఊరు ఎలా పుట్టిందో సినిమాల్లో అంతగా ఉండదు. ఆ ఊరివాళ్ళు ఎరుకలవాళ్ళు. ఒకప్పుడు వాళ్ళు ఉప్పు, ధాన్యం ఎడ్ల మీద, గాడిదల మీద వేసుకుని కోస్తా నుంచి లోపలి ఊళ్ళకు తిరిగి అమ్ముకునేవాళ్ళు. బుట్టలు అల్లేవాళ్ళు, సోది చెప్పేవాళ్ళు. దొరలు ఉప్పు మీద పన్ను బిగించారు, రైళ్ళు వచ్చాయి. గాడిద మీద మోసుకొచ్చే ఉప్పుకు గిరాకీ పోయింది. వ్యాపారం పోయినా తిరుగుడు పోలేదు. పని లేకుండా తిరిగేవాడు దొరల కళ్ళకు దొంగలాగే కనిపిస్తాడు. 1871లో నేరస్థ జాతుల చట్టమని ఒకటి చేశారు, 1911లో దాన్ని మద్రాసు రాజధానికీ తెచ్చారు. ఒక మనిషి నేరం చేశాడని రుజువు కానక్కర్లేదు, ఫలానా జాతిలో పుడితే చాలు. పేరు రిజిస్టరులో ఎక్కుతుంది, వేలిముద్ర తీసుకుంటారు, వేళకు వచ్చి హాజరు వేయించుకోవాలి, ఊరు దాటాలంటే పాసు కావాలి. అలాంటివాళ్ళను ఒకచోట కూడేసి కాపలా కాసే సెటిల్మెంటుగా సాల్వేషన్ ఆర్మీ చేతుల మీదుగా ఈ ఊరు వెలిసింది. హెరాల్డ్ స్టూవర్ట్ అనే మద్రాసు ప్రభుత్వ పెద్ద పేరు పెట్టారు. ఒక దొర పేరు మోస్తున్న ఊరు దొంగల ఊరుగా పేరుపడటంలో ఉన్న వింతను మనం ఎప్పుడూ గమనించినట్టు లేదు.

దేశమంతటా ఆ చట్టాన్ని 1952 ఆగస్టు 31న రద్దు చేశారు. అప్పటినుంచి వాళ్ళు విముక్త జాతులు. దాని స్థానంలో అలవాటు నేరస్తుల చట్టాలు వచ్చాయి. మా క్లాసులో మాస్టారు చివరి బెంచీ వైపు చూసే నాటికి ఆ చట్టం పోయి పదిహేనేళ్ళు. చట్టం పుస్తకంలో చచ్చిపోయింది గానీ మాస్టారి కంట్లో బతికే ఉంది. 2024 అక్టోబరులో సుప్రీంకోర్టు జైళ్ళ రిజిస్టర్లలో కులం గడి తీసేయమనీ, విముక్త జాతులవాళ్ళను పుట్టుకతో నేరస్తులుగా చూసే నిబంధనలు చెల్లవనీ చెప్పాల్సి వచ్చిందంటే, డెబ్భై రెండేళ్ళ తర్వాత కూడా ఆ గళ్ళు అలాగే ఉన్నాయన్నమాట.

అందుకే అమెరికాలో రంగు చూసి, పేరు చూసి అనుమానిస్తారని మనవాళ్ళు ఆశ్చర్యపోతే నాకు ఆశ్చర్యంగా ఉంటుంది. అక్కడ క్లాసు పెద్దది, అంతే.

2014లో మా అమ్మాయి దగ్గరికి వెళ్ళినప్పుడు నాతోపాటు మా కాలేజీ ఫిజిక్స్ మాస్టారు కూడా అదే విమానంలో వచ్చారు. వాళ్ళబ్బాయి మా అమ్మాయికి ముప్పై మైళ్ళ దూరంలో ఉంటాడు. మాస్టారిది మసీదులో వినిపించే పేరు. హైదరాబాదులో నేను మూడు గంటల ముందు వెళ్ళాను, ఆయన అప్పటికే గంటన్నర నుంచి కూర్చుని ఉన్నారు. చేతిలో ప్లాస్టిక్ ఫైలు. అందులో కొడుకు జీతం కాగితాలు, ఇంటి అద్దె కాగితం, తన పెన్షన్ పుస్తకం, మనవడి బర్త్ సర్టిఫికెట్, అన్నీ వరసగా నంబర్లు వేసి. ప్రాక్టికల్ రికార్డు లాగా ఉంది. "ఇవన్నీ ఎవరు అడిగారండీ?" అన్నాను. "అడగరు. అడిగితే?" అన్నారు. అక్కడ దిగాక నన్ను రెండు నిమిషాల్లో పంపించారు, ఆయన్ని పక్క గదిలోకి తీసుకెళ్ళారు. రెండున్నర గంటలు. నేను సామాన్ల బెల్టు దగ్గర నిలబడ్డాను. నలభై నిమిషాల తర్వాత బెల్టు ఆగిపోయింది. ఆయన వచ్చి మొదట అడిగిన మాట, "మీ పెట్టెలన్నీ వచ్చాయా?" అని. లోపల ఏం జరిగిందో ఆయన చెప్పలేదు, నేను అడగలేదు. అడిగి ఉండాల్సింది.

మాజీ రాష్ట్రపతి కలాంగారినే 2009లో మన ఢిల్లీలోనే ఒక అమెరికా విమాన సంస్థ వాళ్ళు ఒళ్ళు తడిమి చూశారు, తర్వాత క్షమాపణ చెప్పారు. 2011లో న్యూయార్కులో మళ్ళీ కోటు, బూట్లు విప్పించారు, ఈసారి అమెరికా ప్రభుత్వం క్షమాపణ చెప్పింది. ఆయన రెండుసార్లూ గొడవ చేయలేదు. మనం చేశాం. కలాంగారి విషయంలో మనకు కోపం వచ్చింది ఆయన ఎవరో తెలుసు కాబట్టి. ఎవరో తెలియని ఫిజిక్స్ మాస్టారికి క్షమాపణ రాదు, పేపర్లో వార్తా రాదు.

మా అల్లుడు తెలివైనవాడు, వాదన వదలడు. "మామయ్యగారూ, కోపం సరే. ప్రమాదం నిజమే కదా? సిబ్బంది కొద్దిమందే ఉంటారు. ఎనభై ఏళ్ళ ముసలమ్మ చేతిసంచి వెతుకుతూ కూర్చుంటే అసలువాడు దాటిపోడా?" అన్నాడు. ఆ ప్రశ్న నాకూ ఉంది. అందుకే నాకు తెలిసిన విద్యలో జవాబు చెప్పాను. పది లక్షలమంది ప్రయాణికులనుకో, వాళ్ళలో పదిమంది దుర్మార్గులనుకో. నూటికి తొంభై తొమ్మిదిసార్లు నిజం చెప్పే పరీక్ష ఒకటి ఉందనుకుందాం. అలాంటిది భూమ్మీద లేదు, అయినా అనుకుందాం. ఆ పదిమందీ దొరుకుతారు. వాళ్ళతోపాటు, మిగిలిన 9,99,990 మందిలో నూటికి ఒకడి చొప్పున దాదాపు పదివేలమంది అమాయకులు కూడా దొరుకుతారు. పక్క గదిలో కూర్చున్న వెయ్యిమందిలో దొంగ ఒకడు. వెతికేవాడికి కూడా ఇది నష్టమే. గడ్డివామిలో సూది వెతకమంటే ఇంకో బండెడు గడ్డి తెచ్చి పోసినట్టు.

"ఆ పదిమందీ దొరికారుగా!" అన్నాడు అల్లుడు.

దొరికితే నేనూ నోరు మూసుకునేవాణ్ణి. 2002 నుంచి అమెరికా పాతిక దేశాల మగవాళ్ళను వచ్చి పేరు నమోదు చేయించుకోమంది. ఆ దేశాల్లో దాదాపు అన్నీ ముస్లింలు ఎక్కువగా ఉన్నవే. అప్పటికే దేశంలో ఉన్నవాళ్ళలో ఎనభై వేలమందికి పైగా తమంతట తాము వచ్చి నమోదు చేయించుకున్నారు. పదమూడు వేలమందికి పైగా దేశం నుంచి పంపించే నోటీసులు అందుకున్నారు. ఉగ్రవాదిగా నేరం రుజువైనవాడు ఒక్కడూ తేలలేదు. తేలతాడా? దొంగ వచ్చి హాజరు వేయించుకోడు. న్యూయార్కు పోలీసులు 2011 ఒక్క ఏడాదిలోనే వీధుల్లో 6,85,724 సార్లు మనుషుల్ని ఆపారు, ఎక్కువమంది నల్లవాళ్ళు, లాటిన్ అమెరికా మూలాలవాళ్ళు. పదిమందిలో దాదాపు తొమ్మిదిమందిని ఏమీ లేదని వదిలేశారు. 2013 ఆగస్టులో ఫెడరల్ కోర్టు ఈ పద్ధతి రాజ్యాంగ విరుద్ధమంది. ఇక ఊరు తగలబడుతుందని పెద్దలు హెచ్చరించారు. ఆపడం నూటికి తొంభై పాళ్ళు తగ్గింది. 2011లో ఆ నగరంలో 515 హత్యలు జరిగితే 2017లో మూడొందల లోపే. ఆపడం మానేయడం వల్లే తగ్గాయని నేననను, స్టాటిస్టిక్స్ వాడు అలా అనకూడదు. పెరుగుతాయన్నవాళ్ళ మాట అబద్ధమైందని మాత్రం అంటాను.

పైగా మనం ఒక అల్మైరానే వెతుకుతామని తెలిస్తే దొంగ రెండో అల్మైరాలో దాస్తాడు. 1991 మే 21 రాత్రి శ్రీపెరంబుదూరులో మాజీ ప్రధానిని చంపడానికి చందనపు దండ పట్టుకుని నిలబడిన అమ్మాయి ఏ జాబితాకు సరిపోతుంది? 1995లో ఓక్లహోమాలో 168 మందిని చంపిన బాంబు పేలగానే అందరూ అరబ్బుల వైపు చూశారు. పెట్టినవాడు అమెరికా సైన్యంలో పనిచేసిన తెల్లవాడు.

నన్ను బాధపెట్టింది ఈ అంకెలు కావు. 2015లో మళ్ళీ అమెరికా వెళ్ళినప్పుడు, పొద్దున్నే నడకకు బయల్దేరుతుంటే మా అమ్మాయి గుమ్మంలో ఆపింది. "నాన్నా, చేతులు జేబుల్లో పెట్టుకోకు. మంకీక్యాప్ వద్దు. వాళ్ళ గరాజుల్లోకి తొంగి చూడకు. పోలీసు ఆపితే కదలకు." అంటూ అడ్రసు, తన ఫోను నంబరు రాసిన కాగితం నా జేబులో పెట్టింది. ఏడేళ్ళప్పుడు తిరునాళ్ళకు తీసుకెళ్తూ నేను దాని గౌను జేబులో పెట్టినట్టే. కారణం అదే ఏడాది ఫిబ్రవరిలో అలబామాలోని మాడిసన్‌లో జరిగిన సంగతి. గుజరాత్ నుంచి మనవణ్ణి చూసుకోవడానికి వచ్చిన యాభై ఏడేళ్ళ పెద్దాయన వీధిలో నడుస్తున్నాడు. ఎవరో ఇంట్లోంచి చూసి, సన్నటి నల్లవాడు తిరుగుతున్నాడని పోలీసులకు ఫోన్ చేశారు. ఆయనకు ఇంగ్లీషు రాదు, రాదనే చెప్పాడు. పోలీసు ఆయన్ని నేలకేసి కొట్టాడు. వెన్నుపూస దెబ్బతిని కాళ్ళూ చేతులూ పడిపోయినంత పనైంది. ఆ పోలీసు మీద పెట్టిన ఫెడరల్ కేసులో రెండుసార్లు జ్యూరీ తేల్చలేకపోయింది, చివరికి జడ్జి వదిలేశాడు.

మనవాళ్ళలో ఏ ఇంటికి వెళ్ళినా ఒక తాతయ్య ఇలాగే అమెరికాలో పొద్దున్నే నడుస్తూ ఉంటాడు. ఆయనకు తను రిటైర్డ్ హెడ్మాస్టర్నని తెలుసు. కిటికీలోంచి చూసేవాడికి తెలియదు.

కిటికీలోంచి చూసే ఆ చూపు ప్రభుత్వం దగ్గరే నేర్చుకున్నది. విమానాశ్రయంలో పక్కకు తీసే మనిషిని చూసి చూసి, క్యూలో ఉన్న మిగతావాళ్ళకు కూడా ఎవర్ని అనుమానించాలో తెలిసిపోతుంది. 2001 సెప్టెంబరు 15న అరిజోనాలో పెట్రోలు బంకు ముందు ఒక సిక్కును తలపాగా చూసి కాల్చి చంపారు. 2017 ఫిబ్రవరి 22న కాన్సస్‌లోని ఒలాథేలో ఆఫీసు పని ముగించుకుని స్నేహితుడితో కూర్చున్న తెలుగు ఇంజనీరును ఇరాన్‌వాడనుకుని కాల్చి చంపారు. అతని పేరు మీకు గుర్తుండే ఉంటుంది. ఆ తర్వాత అమెరికాలోని మన సంఘాల్లో ఒకటి బహిరంగ ప్రదేశాల్లో మాతృభాషలో మాట్లాడటం తగ్గించమని తోటివాళ్ళకు సలహా ఇచ్చింది. మంచికే చెప్పారు. చదివినప్పుడు మాత్రం నాకు చివరి బెంచీ కుర్రాడు జేబులు బయటికి లాగడం కళ్ళకు కట్టింది. మనవాళ్ళు కొందరు ఇంకో మెట్టు దిగి "మేం వాళ్ళం కాదు, మేం వేరే" అని చెప్పుకోవడం మొదలుపెట్టారు. అంటే, వాళ్ళయితే ఫర్వాలేదనే కదా?

ఇక నా సంగతి చెప్పాలి. 2007 మే 18న హైదరాబాదు మక్కా మసీదులో బాంబు పేలింది. పాతబస్తీ కుర్రాళ్ళను పదుల్లో పట్టుకెళ్ళారు. కోర్టులు నిర్దోషులన్నాయి, కొందరికి ప్రభుత్వమే తర్వాత పరిహారం ఇచ్చింది. కానీ అప్పటికి అదంతా ఎవరికి తెలుసు? ఆగస్టు 25న లుంబినీ పార్కు, గోకుల్ చాట్ పేలాయి. నలభైమందికి పైగా పోయారు. గోకుల్ చాట్ మా అమ్మాయి, దాని స్నేహితులు వారానికోసారి నిలబడే చోటు. ఆ భయం నాకు ఎవరూ పుస్తకంలో చెప్పలేదు, కడుపులో ఉంది. ఆ వారంలోనే నాంపల్లిలో ఎమ్ఎమ్‌టీఎస్ ఎక్కాను. ఎదురు సీట్లో గడ్డం, టోపీ ఉన్న యువకుడు. ఒళ్ళో నిండుగా ఉబ్బిన సంచి. నేను మూడోసారి సంచి వైపు చూశాను కాబోలు. అతను జిప్పు తీశాడు. మంచినీళ్ళ సీసా తీసి ఒక గుక్క తాగాడు. సీసా లోపల పెట్టాడు గానీ జిప్పు మూయలేదు. సంచిని కొంచెం నా వైపు వంచి, నోరు తెరిచి అలాగే ఒళ్ళో ఉంచుకుని కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాడు. లోపల మడతపెట్టిన బట్టలు, ఏదో కుట్టుమిషను సామాను.

అంతా చూసి కూడా నేను ఖైరతాబాద్‌లో దిగిపోయాను. నేను దిగాల్సింది భరత్‌నగర్‌లో.

స్వేచ్ఛనూ భద్రతనూ తూకం వేయాలని పెద్దలు అంటుంటారు. మాట బాగానే ఉంటుంది. కానీ తక్కెడలో ఏ సిబ్బెలో ఎవరిది పెడుతున్నామో చూడండి. నా స్వేచ్ఛ కొంచెం తీసి నా భద్రత కోసం పెడితే అది తూకం. సినిమా హాలు గుమ్మంలో అందరి సంచీలతోపాటు నా సంచీ వెతికితే నేను సంతోషంగా విప్పుతాను. ఆ రోజు రైల్లో ఒక సిబ్బెలో ఉన్నది నా భద్రత, రెండో సిబ్బెలో పెట్టింది ఆ కుర్రాడి మర్యాద. నా జేబులోంచి పైసా పోలేదు. ఇలాంటి బేరం ఎవరికైనా చౌకగానే కనిపిస్తుంది. ఫలానా మనిషి ఫలానా పని చేశాడని సమాచారం ఉంటే ఆపండి, వెతకండి, అది పోలీసుల పని. పుట్టుకనే సమాచారంగా తీసుకుంటే అది పని ఎగ్గొట్టడం.

ఇప్పుడు కళ్ళకు బదులు కెమెరాలు వచ్చాయి. యంత్రానికి కులమతాలు లేవంటారు. అమెరికా ప్రమాణాల సంస్థ 2019లో పరీక్షిస్తే, కొన్ని సాఫ్ట్‌వేర్లు తెల్లవాళ్ళకంటే ఆసియా, ఆఫ్రికా మూలాలవాళ్ళ ముఖాల విషయంలో పది నుంచి వంద రెట్లు ఎక్కువగా పొరబడ్డాయి. మన హైదరాబాదులో 2021 లాక్‌డౌన్ రోజుల్లో పోలీసులు ఒకాయన్ని రోడ్డు మీద ఆపి మాస్కు తీయమన్నారు. తీయనన్నా ఫొటో తీసుకున్నారు. ఎందుకని ఆయన హైకోర్టుకు వెళ్ళాడు, 2022 జనవరిలో కోర్టు ప్రభుత్వానికి నోటీసు ఇచ్చింది. ఆయన అలా అడగడం నాకు నచ్చింది. నేనైతే మాస్కు తీసి, జుట్టు కూడా సర్దుకునేవాణ్ణి.

వచ్చే మార్చిలో నేనూ ఫిజిక్స్ మాస్టారూ మళ్ళీ వెళ్తున్నాం. ఒకటే విమానం, పక్కపక్క సీట్లు. ఇద్దరం కలిసి ఒకే క్యాబులో వెళ్దామని ఫోన్ చేశాను. టైములు కుదరవన్నారు. నా క్యాబు ఏడింటికి చెప్పాను. ఆయనది ఐదున్నరకు.